పదికి పది బడి ఎక్కడుంది?

డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు వాస్తు కన్నా ముందు బడి చూస్తారు. తూర్పు గుమ్మం కావాలంటే బిల్డరుకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి సంపాదించుకోవచ్చు. బడి విషయంలో ఆ పప్పులుడకవు. ఇల్లు ఏ బడి హద్దు గీత లోపల ఉంటే పిల్లలు ఆ బడికే వెళ్లాలి. చేర్చుకునేటప్పుడు కరెంటు బిల్లో, ఇంటి కాగితాలో చూపించమంటారు. అందుకే అమ్మకానికి పెట్టిన ఏ ఇంటి వివరాలు తెరిచినా పడకగదులు, గరాజు, పెరడు అన్నీ అయ్యాక అడుగున మూడు బడుల పేర్లుంటాయి: ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్. ఒక్కోదాని పక్కన పదికి ఇంత అని ఒక అంకె. మనవాళ్ల వేలు తిన్నగా అక్కడికే జారుతుంది. మూడూ తొమ్మిదో పదో అయితే ఆదివారం ఇల్లు చూడ్డానికి బయల్దేరతారు. ఒక్కటి ఆరున్నా సరే, ఇంద్రభవనాన్నైనా పక్కన పెట్టేస్తారు.

మా సొంతూరు మునగపాకలో ఉన్న మావయ్యకి ఈ సంగతి ఫోన్లో చెప్తే నవ్వేశాడు. "ఇల్లు కొనుక్కోడానికి బడితో పనేటిరా? బస్సొచ్చి ఎక్కించుకుపోదా?" అన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నే మా ఊళ్లో అనకాపల్లి రోడ్డు మీద నిలబడితే పసుపు బస్సులు వరసకట్టి కనిపిస్తాయి. అన్నీ ప్రైవేటు బడులవే. ఫీజు కట్టగలిగితే చాలు, బడి ఎంత దూరంలో ఉన్నా బస్సు మన వీధి మొగలోకి వస్తుంది. టెక్సస్‌లోనూ బస్సు పసుపే, కానీ అది సర్కారు బడిది. బడికి రెండు మైళ్ల అవతలున్న పిల్లల్ని పైసా తీసుకోకుండా ఎక్కించుకుంటుంది. చదువుకీ ఫీజు లేదు.

మరి ఖర్చెవరు పెట్టుకుంటారు? ఇల్లున్నవాళ్లు. టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. ఇంటి పన్ను మాత్రం గూబ గుయ్యిమనిపిస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. మునగపాకలో టర్ముకోసారి ఫీజుగా కట్టేది ఇక్కడ ఇంటి ధరలోనూ పన్నులోనూ కలిసిపోతుందన్నమాట. అదంతా విని మావయ్య, "అయితే ఇల్లు కొనలేనోడి పిల్లకి మంచి బడి లేదనమాట" అన్నాడు. అద్దెకుండొచ్చు అని సర్దిచెప్పబోయాను. మంచి బడి గీతల లోపల అద్దెలు ఎలా ఉంటాయో తెలిసి మళ్లీ నేనే ఆగిపోయాను.

ఈ గీతల వ్యవహారం ఊరి హద్దులతో సంబంధం లేనిది. మనవాళ్లకి బాగా తెలిసిన ఫ్రిస్కోనే తీసుకోండి. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పక్కనున్న ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ల ముక్కలు కూడా ఉన్నాయి. అదే సమయంలో ఫ్రిస్కో ఊళ్లో ఉండి కూడా ప్రాస్పర్ డిస్ట్రిక్ట్ బడికో లూయిస్‌విల్ డిస్ట్రిక్ట్ బడికో వెళ్లే పిల్లలున్నారు. డిస్ట్రిక్ట్‌ని నడిపేది ఓట్లతో గెలిచిన ఏడుగురు ట్రస్టీల బోర్డు. వాళ్లకి జీతం లేదు. పన్ను రేటు, కొత్త బడి ఎక్కడ కట్టాలన్నది, ఏ వీధి పిల్లలు ఎక్కడికి వెళ్లాలన్నది తేల్చేది వాళ్లే.

ఫ్రిస్కో రైలు పట్టాల పక్కన పుట్టిన ఊరు. పేరు కూడా రైలు కంపెనీదే. 1990లో జనాభా 6 వేల పైచిలుకు, అంటే మన వైపు ఓ పెద్ద పంచాయతీ అంత. 2000లో 33,714 అయింది, 2010లో 1,16,989, 2020లో 2,00,509. 2003లో సెంటెనియల్ హైస్కూల్ తెరిచేదాకా డిస్ట్రిక్ట్ మొత్తానికి ఉన్నది ఒకే హైస్కూల్. 2022లో పాంథర్ క్రీక్‌తో ఆ లెక్క పన్నెండుకి చేరింది. టెక్సస్ ఊళ్లు చాలావరకు ఊరంతటికీ ఒకే పెద్ద హైస్కూలు, దానికో పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం అనుకునే రకం. ఫ్రిస్కో అలా కాకుండా రెండు వేల చిల్లర పిల్లలకొక హైస్కూల్ చొప్పున కట్టుకుంటూ పోయింది. ఈలోగా 2016లో కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు కార్యాలయం ఫ్రిస్కోకి, 2017లో టయోటా ప్రధాన కార్యాలయం పక్కనున్న ప్లేనోకి వచ్చాయి. ఐటీ ఉద్యోగాలు ఎటూ ఉండనే ఉన్నాయి.

మన జనం ఎటు నడిచారో గుళ్లను చూస్తే తెలుస్తుంది. ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం, అదే టాంటెక్స్, 1986లో పుట్టింది. ఏక్తా మందిర్ 1991లో ఇర్వింగ్‌లో వెలిసింది. ఆ తర్వాతి తరం ఉత్తరాన ప్లేనోకి, అక్కడి నుంచి ఫ్రిస్కోకి జరిగింది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఫ్రిస్కోలో వెలిసింది. ఇప్పుడు గృహప్రవేశం పిలుపులన్నీ ప్రాస్పర్ నుంచి, సెలైనా నుంచి వస్తున్నాయి. 2000లో 2,097 మంది ఉన్న ప్రాస్పర్‌లో 2020 నాటికి 30,174 మంది. 2023లో అమెరికా మొత్తంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన ఊరు సెలైనా అని జనాభా లెక్కల శాఖ చెప్పింది. మరుసటి ఏడు ఆ పేరు ప్రిన్స్‌టన్‌కి దక్కింది. అదీ డల్లాస్ పొలిమేరల్లోదే. తమాషా ఏమిటంటే, అదే 2024లో ప్రిన్స్‌టన్ నగర పాలకులు కొత్త ఇళ్ల అనుమతులు కొన్నాళ్లు ఆపేశారు. నీళ్లు, మురుగు, రోడ్లు, పోలీసులు, వేటినీ వచ్చే జనానికి సరిపెట్టలేక.

పెరుగుట విరుగుట కొరకే అన్నట్టు, ముందు పెరిగిన ఊళ్లలో బడులు ఖాళీ అవుతున్నాయి. ఒకప్పుడు బడి అంటే ప్లేనోయే. 2024 జూన్‌లో ప్లేనో బోర్డు రెండు ఎలిమెంటరీ బడులు, రెండు మిడిల్ స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. ఫ్రిస్కోలో కూడా పిల్లల సంఖ్య తగ్గుముఖం పట్టింది. అక్కడి బోర్డు కూడా స్టేలీ అనే పాత మిడిల్ స్కూల్ మూతకి ఒప్పుకుంది. కారణాల్లో రహస్యమేమీ లేదు. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయినా తల్లిదండ్రులు ఇళ్లు అమ్మరు. అమ్మినా ఆ ధరకి చంటిపిల్లలున్న కుర్ర జంటలు కొనలేరు, ఇంకా ఉత్తరానికి పోతారు. పైగా టెక్సస్‌లో రాష్ట్రం బడికి డబ్బిచ్చేది హాజరుని బట్టి. పిల్లలు తగ్గితే సొమ్ము తగ్గుతుంది. తలకి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 2025లో దానికి కలిపింది 55 డాలర్లు.

గీతలు తిరగ్గీసే సమావేశం చూస్తే తప్ప ఈ గొడవ ఎంత లోతుకి పోయిందో తెలియదు. మా డిస్ట్రిక్ట్‌లో ఒక సాయంత్రం బడి కెఫెటేరియాలో పెట్టారు. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. తెర మీద మ్యాపు, వీధికో రంగు. మాట్లాడేవాళ్ల ముందు చిన్న దీపం: పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు వెలిగితే మాట ఆపేయాలి. మన తెలుగాయన ఒకరు పక్క బడి మార్కులన్నీ రంగుల్లో ప్రింటు తీయించుకొచ్చారు. "ఈ బడిని చూసే ముప్పై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకున్నాం, ఇప్పుడు పిల్లల్ని ఆ ఏడు రేటింగ్ బడికి పంపమంటే ఎలా?" అంటుండగానే ఎరుపు వెలిగింది. ఆయన కూర్చోలేదు. చంకలో పిల్లతో ఉన్న ఓ తల్లి లేచి, తమ వీధి ఆ ఏడు రేటింగ్ బడి వీధేనని, అక్కడి సైన్స్ టీచర్ వల్లే తన పెద్దాడు దారిలో పడ్డాడని చెప్పింది. గదిలో కాసేపు ఎవరూ కాగితాలు కదపలేదు.

ఆ రాత్రి ఇంటికొస్తూ అనుకున్నాను. మ్యాపులో రంగు మారబోయే వీధులన్నీ ఇంచుమించు మనవాళ్లవే. పిల్లలు వాళ్లే, సాయంత్రాలు దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించే తల్లులు వాళ్లే, శనివారం లైబ్రరీకి తీసుకెళ్లే తండ్రులూ వాళ్లే. బడి రేటింగ్ అంకెలో పెద్ద పాలు పరీక్ష మార్కులది, ఆ మార్కులు వచ్చేది ఈ ఇళ్ల నుంచే. ఈ పిల్లలు ఏ బడికి వెళితే ఆ బడి అంకె పైకి లేస్తుంది. మనం వెంటపడుతున్న పదికి పదిలో చాలా భాగం మనమే. మన నీడని మనమే తరుముకుంటూ ప్రతి పదేళ్లకీ ఇంకాస్త ఉత్తరానికి పోతున్నాం.

అలా పోయి దక్కించుకున్న బడిలో ఇంకో చిక్కు ఉంది. 1997లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో ఏ హైస్కూల్లోనైనా సరే తరగతిలో మొదటి 10 శాతంలో నిలిస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. పల్లెటూరి బడైనా, పేదపేట బడైనా అక్కడి మెరికలకి దారి మూసుకుపోకూడదన్నది ఉద్దేశం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి గిరాకీ మరీ పెరిగి, అక్కడ ఆ 10 శాతం కాస్తా 6 అయింది, 2026లో చేరే పిల్లలకి 5 అయింది. ఐదొందల మంది ఉన్న తరగతిలో పాతికమంది. తొమ్మిదో పదో రేటింగున్న బడిలో ఆ పాతికలో ఉండటమంటే మాటలు కాదు. అందరూ కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులే తీసుకుంటారు. ఎక్కువ పాయింట్లు రాని క్లాసుల్ని వేసవిలో ముగించేస్తారు. ర్యాంకులు తేలేది దశాంశ స్థానాల్లో. పది మైళ్ల అవతల బడిలో మొదటి వరసలో ఉండగలిగిన పిల్ల ఇక్కడ వందో ర్యాంకులో ఉండి, తనకి చదువు రాదని నమ్మడం మొదలుపెడుతుంది. ఆ పిల్లల్ని నేను ఎరుగుదును. పుట్టినరోజు పార్టీలో కూడా పక్కవాడి జీపీఏ ఎంతో కనుక్కునే వయసుకి వచ్చేశారు.

ఈ చట్టం సంగతి మావయ్యకి కొత్తగా అనిపించలేదు. "మన ట్రిపుల్ ఐటీ లాగనే" అన్నాడు. నిజమే. 2008లో మొదలై మన ట్రిపుల్ ఐటీలు నడుపుతున్న ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. సర్కారు బడిలో చదివిన పిల్లలకి 4 శాతం కలుపుతారు. మావయ్య పక్కింటి రైతు కూతురు అలాగే వెళ్లింది. ఊళ్లో మిగతావాళ్లు ఆ పిల్లని మెచ్చుకున్నారు, కానీ తమ పిల్లల్ని పసుపు బస్సు దింపి సర్కారు బడికి పంపలేదు.

మా ఊరి వైపు కూడా గీతలు మారుతున్నాయి. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం వెళ్లే రోడ్డు ఒకప్పుడు చెరకు బళ్లది. బెల్లం వండే రోజుల్లో ఆ దారంట పోతుంటే గాలంతా పాకం వాసన. అచ్యుతాపురంలో సెజ్ వచ్చాక, బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీ వచ్చాక, మందుల ఫ్యాక్టరీలు వచ్చాక ఆ రోడ్డు మీద కార్మికుల బస్సులకీ లారీలకీ సందు లేదు. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు వేసేవాళ్లు తగ్గారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖ చుట్టుపక్కల డేటా సెంటర్ కడతామంది. ఆ భూముల్లో మాకు దగ్గర్లోని రాంబిల్లి కూడా ఉందనేసరికి ధరలు ఇంకో మెట్టెక్కాయి. మావయ్య వాట్సాప్‌లో ఒక లేఅవుట్ కరపత్రం పంపించాడు. రోడ్లు, పార్కు, కాంపౌండు గోడ, అన్నీ అయ్యాక అడుగున ఒక లైను: ఇంటర్నేషనల్ స్కూల్‌కి పది నిమిషాల దూరం.

ఆ లేఅవుట్ నుంచి ఊరి సర్కారు బడికి నడిచే వెళ్లొచ్చు. దాని పేరు కరపత్రంలో లేదు. నేను చదివిన రోజుల్లో కరణంగారి మనవడు, కౌలురైతు కొడుకు, షాపు కోమటిగారబ్బాయి అందరం అక్కడే. చదువు గొప్పగా ఉండేదని చెప్పను. కానీ లెక్కల మాస్టారు రాకపోతే హెడ్మాస్టర్ని నిలదీయడానికి ఊళ్లో పెద్దలుండేవాళ్లు, వాళ్ల పిల్లలూ అదే గదిలో కూర్చునేవాళ్లు కాబట్టి. వాళ్ల పిల్లలు బస్సెక్కాక అడిగేవాళ్లూ బస్సెక్కారు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులు పక్క హైస్కూళ్లకి తరలిపోయినా, 2025లో ఆ జీవో రద్దయినా, వాటి గురించి మావయ్య ఈడువాళ్లే రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నారు. పిల్లల తల్లిదండ్రులకి అది తమ బడి సంగతి అనిపించలేదు.

అందుకే డల్లాస్‌కి కొత్తగా వస్తున్న మావయ్య మనవరాలూ వాళ్లాయనా "ఏ ఊళ్లో తీసుకోమంటారు, బాబాయ్?" అని అడిగితే అంకె చూడొద్దని చెప్పలేదు. చూడమన్నాను, కానీ ఏడూ ఎనిమిదీ ఉన్న బడుల్ని వదిలేయొద్దన్నాను. ఆఫీసుకి దగ్గర్లో ఉండి, అప్పు గొంతు మీదకి రాని ఇల్లయితే సాయంత్రం పిల్ల పక్కన కూర్చునే ఓపిక మిగులుతుంది. ఆ ఓపికకి ఎవరూ రేటింగ్ ఇవ్వరు. బడికి వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడమన్నాను. టీచర్లు ఏటేటా మారిపోతున్నారా, ఉంటున్నారా అని అడగమన్నాను.

ఇంకోటి కూడా చెప్పాను. బడిని బాగుచేసే కుర్చీలు రెండుచోట్లా తల్లిదండ్రుల కోసమే వేసి ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం మన బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఎన్నికలు జరిగాయి కూడా. ఇక్కడ ట్రస్టీల ఎన్నికలు చాలాచోట్ల మేలో జరుగుతాయి. ఓటు వేసేవాళ్లు పిడికెడు. మనలో సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు నవంబరులో అధ్యక్షుడికి ఓటేసి, మేలో సొంత బడికి వేయడం మర్చిపోతారు. వీసా మీదున్నవాళ్లకి ఓటు లేకపోయినా బోర్డు ముందు మాట్లాడే అవకాశం ఉంది. కానీ మన వీధి రంగు మారినప్పుడే ఆ గదికి దారి గుర్తొస్తుంది మనకి.

మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో రేటింగుల పట్టిక పెడితే, దాని కింద నేను బోర్డు సమావేశం తేదీ పెట్టాను. కాసేపటికి "మన జోన్ మారుతోందా అండీ?" అని వరసగా ప్రశ్నలు. మారడం లేదు, అయినా రండి అని జవాబిచ్చాను.