కంటిరంగు సీసాలు రెండు

ఆడువారి అలంకార సామగ్రిని గూర్చి అరువది దాటిన విశ్రాంత గుమాస్తా వ్రాయుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. మెట్రిక్యులేషను చదువుతో బరంపురములో 36 సంవత్సరములు దస్త్రములతో కాలము గడపిన మాకు, లిక్విడ్ ఐషాడో యను మాటయే నిన్న మొన్నటి వరకు తెలియదు. కనురెప్పలపై పూసికొను ద్రవపు రంగునకు అది పేరు. అట్టి రంగు గల రెండు చిన్న సీసాలు మా యింట ఒక బిడ్డ కన్నీటికి కారణమైనవి. తప్పు సీసాలది కాదు, మాది. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి సీసా అమెరికాలో నున్న మా మేనకోడలు నాలుగేండ్ల క్రిందట మా కోడలికి కానుకగా తెచ్చినది. అందులో నున్న రంగు నాలుగున్నర మిల్లీలీటర్లు. వెల మన రూపాయలలో 2,250. మా కోడలు తన తమ్ముని పెండ్లికి ఒకసారి, ఒక గృహప్రవేశమునకు మరియొకసారి పూసికొని, తరువాత దానిని పట్టుచీరల నడుమ బీరువాలో భద్రపరచినది. అంత వెలగల వస్తువును ఊరక వాడుట ఎట్లని మా యింటివారందరి అభిప్రాయము. రెండవ సీసా మా మనుమరాలు తన చేతిఖర్చు డబ్బులతో మా ఊరి దుకాణములోనే కొన్నది. 3 మిల్లీలీటర్లు, 360 రూపాయలు.

పోయిన ఉగాదికి మా తెలుగువారి సభలో మనుమరాలు కూచిపూడి నాట్యము చేయవలసి యుండెను. 1936లో ఒడిషాలో చేరిన ఈ ఊరిలో పుట్టి, బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే చదువుకొనుచున్న పిల్ల ఒక తెలుగు పాటకు అభినయము పట్టుటకు 7 నెలలు శ్రమించినది. పాటలోని ప్రతి మాటకును మాచేత అర్థము చెప్పించుకొని, ఒడియా లిపిలో వ్రాసికొని, కంఠస్థము చేసినది. సభకు ముందునాటి సాయంకాలము వేషముతో అభ్యాసము జరుగవలసి యుండెను.

అప్పుడు ఆ చవక సీసా మా కంటబడినది. “మూడువందల అరవై రూపాయల సరుకు కంటికి పూస్తావా? కళ్లకంటె డబ్బు ఎక్కువా?” అని కోప్పడితిమి. “ఇది కొత్తదండీ తాతగారూ. మొన్ననే కొన్నాను. పేరున్న కంపెనీదే” అని ఆమె చెప్పినను మేము చెవిని బెట్టలేదు. బీరువా తెరిపించి అమెరికా సీసా తీయించితిమి. రంగు చిక్కబడి అడుగంటి యున్నది. మా చిన్ననాట తిలకపు సీసా ఎండిపోయినప్పుడు మా అమ్మగారు రెండు చుక్కల నీరు పోసి పుల్లతో కలిపెడివారు. ఆ ఉపాయమే మాకును తోచినది. కుళాయి నీరు రెండు చుక్కలు పోసి, మూత బిగించి, బాగుగా ఆడించితిమి. రంగు మరల తళతళలాడినది. 2,250 రూపాయల వస్తువును వ్యర్థము కానీయలేదని లోలోపల గర్వపడితిమి కూడ.

మరునాటి ఉదయమునకు పిల్ల కుడికన్ను ఎఱ్ఱబడి, రెప్ప వాచి, తెరువరాకుండెను. కంటి వైద్యులు పరీక్షించి, ఏమి పూసినారో తెమ్మనిరి. రెండు సీసాలును పట్టుకొని పోతిమి. పరీక్ష చేయించనిదే కారణము ఇదియే యని ఖండితముగా చెప్పజాలననియు, అయినను తెరచి నాలుగేండ్లయిన సీసాలో నీరు పోసి కంటికి పూయుట చేయరాని పని యనియు వారు చెప్పిరి. పిమ్మట సీసా అడుగున నున్న చిన్న గుర్తును భూతద్దముతో మాకు చూపిరి. మూత తీసిన డబ్బా బొమ్మ, దానిలో 6 అంకె, పక్కన ఇంగ్లీషు ‘ఎమ్’ అక్షరము. మూత తీసిన నాటినుండి 6 నెలలలో వాడి ముగింపవలెనని దాని అర్థము. ముప్పదియారేండ్లు కాగితములలోని సన్నని అక్షరములు చదివి జీతము తీసికొన్న మాకు ఆ గుర్తు కనబడలేదు.

ఆ సాయంకాలము సభ యథావిధిగా జరిగినది. మా మనుమరాలి పేరు చదివి, అస్వస్థత అని ప్రకటించి, తరువాతి అంశమునకు పోయిరట. ఆ పిల్ల మమ్ములను ఒక్క మాట అనలేదు. గోడవైపు తిరిగి పడుకొన్నది. తిట్టిన బాగుండునని మాకు అనిపించినది. “తప్పు మాదే తల్లీ” అని చెప్పుటకు మాకు మూడు దినములు పట్టినది. మూడు దినములు ఏల పట్టినదో ఇప్పటికిని సిగ్గుగానే యున్నది.

కన్ను కుదుటపడిన తరువాత, పాత అలవాటు చొప్పున కాగితముపై రెండు గడులు గీచి సీసాలను పోల్చి చూచితిమి. అట్టలమీది అక్షరములు మనుమరాలు చదివినది, మేము వ్రాసితిమి. మిల్లీలీటరు ఒక్కింటికి వెల ఒకదానికి 500 రూపాయలు, రెండవదానికి 120 రూపాయలు. వ్యత్యాసము నాలుగింతలకు పైన. ఇక లోపలి ద్రవ్యములు చూడగా అవి ఇంచుమించు ఒక్కటే. రెండింటను మైకా, టైటానియం డయాక్సైడు, ఐరన్ ఆక్సైడులు గలవు. మైకా యనగా మన అభ్రకమే. నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతపు గనుల వలన తెలుగువారికి అది చిరపరిచితము. అతిసన్నని అభ్రకపు రేకులపై టైటానియం పూత పూసినచో ముత్యపు మెరుపు వచ్చును. ఆ పూత మందమును బట్టి మెరుపు రంగు మారును. ఇనుప ఆక్సైడులు ఎరుపు, పసుపు, నలుపు ఛాయల నిచ్చును. వీనిని మోయు ద్రవము ఖరీదైన సీసాలో నీరు, చవక సీసాలో ఐసోడోడెకేను అను త్వరగా ఆవిరియగు నూనె. ద్రవము ఆరిపోగా, రంగును రెప్పకు అంటిపెట్టు పలుచని పొర మిగులును.

అయినచో ఎక్కువ ధనము దేనికని మేనకోడలిని ఫోనులో అడిగితిమి. ఆమె రెండు రకములును వాడినది. ఖరీదైనది ఒక్క పూతకే నిండుగా మెరయుననియు, చవకది రెండు మూడు మారులు పూయవలెననియు, ఆ మెరుపు తేడా నిజమే యనియు చెప్పినది. తక్కిన సొమ్ము బరువైన గాజు సీసాకు, అందమైన అట్టపెట్టెకు, పెద్ద దుకాణపు అద్దాల బల్లకు, ప్రకటనలకు పోవునట. అమెరికాలో మందుల దుకాణములలో దువ్వెనలు, సబ్బులతో పాటు ఈ రంగులును అమ్ముదురు గనుక చవక రకమునకు ‘డ్రగ్‌స్టోర్’ సరుకని పేరు. మరియొక విశేషమును ఆమెయే చెప్పినది. విలాస వస్తువులకు పేరొందిన లాంకోమును 1964లోను, మందుల దుకాణములలో దొరకు మేబెలీనును 1996లోను చేర్చుకొన్నది ఒకే సంస్థ, ఫ్రాన్సు దేశపు లోరియాల్. రాజవీథిలోని అంగడికిని సంతలోని అంగడికిని యజమాని ఒక్కడే యన్నమాట.

చట్టమును వెలను బట్టి మారదు. మన దేశపు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారము రంగు కొరకు సీసము, ఆర్సెనిక్కుల సమ్మేళనములు వాడరాదు. కంటి సామగ్రిలో పాదరసము పది లక్షల పాళ్లలో 70 పాళ్లు మించరాదు. ఈ కట్టడి 360 రూపాయల సీసాకును, 2,250 రూపాయల సీసాకును సమానమే. తయారుచేసినవారి పేరు, లైసెన్సు సంఖ్య, గడువు తేదీ లేని సీసాను మాత్రము ఎంత చవకగా వచ్చినను కంటి దరికి రానీయరాదు.

మా అమ్మగారి కాటుకయు జ్ఞప్తికి వచ్చినది. గుంటగలగరాకు రసములో తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి, ఆముదముతో వెలిగించి, పైన ఇత్తడి పళ్లెము బోర్లించి మసి పట్టెడివారు. కొంచెము నేయి కలిపి కాటుక బరిణెలో ఉంచెడివారు. నెల తిరుగకముందే పాతది తుడిచివేసి క్రొత్తది పట్టెడివారు. తిలకపు సీసాలో నీరు పోసిన ఆ చేయియే కంటి కాటుకను నిలువ ఉంచలేదు. నొసటికి ఒక నీతి, కంటికి ఒక నీతి. మేము మొదటిది జ్ఞాపకముంచుకొని రెండవది మరచితిమి. ఇంటి కాటుకను పసిపిల్లల కండ్లకు పెట్టవలదని నేటి వైద్యులు చెప్పుచున్నారు గనుక, అదియే మేలని మేము వాదింపము. క్రొత్తదనము, శుభ్రత అను రెండు గుణములను మాత్రము ఆమె వలన నేర్చుకొనవలెను. రెప్పకు తగిలిన కుంచె సీసాలోనికి మరల పోవునప్పుడెల్ల కంటికి కనబడని క్రిములును దానితో పోవును. వానిని ఆపు మందు సీసాలో కలిపియున్నను దాని బలము కాలముతో తగ్గును. బీరువా తాళము వానిని ఆపజాలదు.

ప్రవాసులమైన మనకు ఈ దాచు అలవాటు కొంత ఎక్కువ. వెండి గిన్నె, పట్టుచీర, చివరకు తెలుగు మాట కూడ పండుగనాడు తీసి, మరునాడు లోపల పెట్టుచున్నాము. వెండికి, పట్టుకు అది చెల్లును. మాటకు చెల్లదు, కంటిరంగునకు అంతకంటె చెల్లదు. వాడుకలో నున్నదే క్రొత్తగా నుండును.

వచ్చు ఉగాదికి మా మనుమరాలు ఆ పాటకే నాట్యము చేయును. ఇప్పుడు ప్రతి సాయంకాలము మా వద్ద తెలుగు అక్షరములు దిద్దుచున్నది. పాట సగము తెలుగు లిపిలోనికి వచ్చినది. ఆమె కొనుక్కొన్న క్రొత్త సీసా కూడ చవకదే. దానిమీద మేము చిన్న కాగితము అంటించి, మూత తీసిన తేదీ వ్రాసియుంచితిమి. చదువరులు కూడ నేడే తమ బీరువాలు తెరచి, అట్టి భద్రమైన సీసాలు ఉన్నచో వాని అడుగు తిప్పి చూడవలెనని మా విన్నపము.