ఉల్లిపొర చెప్పిన పాఠం

ప్రబంధ సాహిత్యంపై పరిశోధన చేసినవాణ్ణి నేను. సమాసాన్ని విడదీసి, విగ్రహవాక్యం చెప్పి, అర్థాన్ని వెలికితీయడం నా నిత్యకృత్యం. అయినా, పదాలకు జడిసి ఒక శాస్త్రాన్ని విడిచిపెట్టినవాణ్ణి కూడా నేనే.

ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో జీవశాస్త్రం తరగతిలో చేరాను. బోధన అంతా ఆంగ్లంలో సాగేది. నోరు తిరగని ఆ పేర్లు విని బెదిరి, నెల గడవకముందే సాహిత్యంలోకి మారాను. సాహిత్యమంటే ప్రాణం గనుక మారానని అందరితో చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ముప్పై ఏళ్ళ తరువాత, మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె నా గదికి వచ్చింది. "మాస్టారూ! జీవశాస్త్రం నావల్ల కాదు. సాహిత్యంలోకి మారిపోతాను" అంది. నా పద్దెనిమిదో ఏడు నా ఎదుట నిలిచినట్లయింది. సంతోషించాలో, వారించాలో తోచలేదు.

"నిన్ను భయపెట్టే మాటలేవో చూపించమ్మా" అన్నాను.

ఆమె నోటుపుస్తకం తెరిచింది. నేను నిఘంటువు తీశాను. మొదటి మాట 'క్లోరోఫిల్'. గ్రీకులో 'క్లోరోస్' అంటే లేత ఆకుపచ్చ, 'ఫిల్లోన్' అంటే ఆకు. మన 'పత్రహరితం' కూడా అదే కదా! తరువాతి మాట 'క్రోమోజోమ్'. 'క్రోమా' రంగు, 'సోమా' దేహం. అద్దిన రంగును గాఢంగా పీల్చుకొంటుంది గనుక 1888లో వాల్డేయర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. 'మైటోకాండ్రియా'లో ఉన్నవి దారం, రేణువు.

"ఇవన్నీ సమాసాలే కదా మాస్టారూ!" అంది ఆమె, తేరుకున్న ముఖంతో.

వారం తరువాత, తమ అధ్యాపకుల అనుమతితో ఆమె నన్ను ప్రయోగశాలకు తీసుకుపోయింది. ఉల్లిరేకు లోపలి పలుచని పొరను గాజుపలకపై పరచి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద ఉంచింది. కన్ను ఆనించాను. ఇటుకలు పేర్చినట్లు వరుసలు వరుసలుగా గదులు. ప్రతి గదిలోనూ ఒక చుక్క.

"ఆ చుక్కే కేంద్రకం మాస్టారూ. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను చూసినప్పుడు ఇది కనిపించలేదు. అవి మృతకణాలు, గోడలే మిగిలాయి. అందుకే వాటిని 'సెల్' అన్నాడు. చిన్న గది అని అర్థం" అంది.

'కణం' అన్న మాటను ఎన్నేళ్ళుగానో పలుకుతున్నాను. రేణువు అని అర్థం చెప్పగలను. అది ఒక గది అని మాత్రం ఆనాడే ఎరిగాను. ప్రతి పేరు వెనుకా, ముందుగా ఆ వస్తువును కన్నులారా చూసిన మనిషి ఒకడున్నాడు. ఆ చూపును వదిలి పేరును మాత్రమే వల్లించబోయి నేను భయపడ్డాను.

ఆమె జీవశాస్త్రాన్ని విడువలేదు. నేను విడిచిన తరగతి నాకు తిరిగి రాదు. సాహిత్యాన్ని ఎన్నుకున్నందుకు చింత లేదు. భయంతో ఎన్నుకున్నానన్నదే చింత.

విద్యార్థులారా! ఒక శాస్త్రం మీకు నచ్చకుంటే విడిచిపెట్టండి. దాని పేర్లకు జడిసి మాత్రం విడువకండి. ముందు ఆ పేరును విప్పి చూడండి.