తాటిపండ్లు ఏరుకునే లోయ

ఆఫ్రికాలో వన్యమృగాలను చూడాలనుకునేవారు సాధారణంగా కెన్యాలోని మసాయి మారాకో, టాంజానియాలోని సెరెంగెటికో వెళతారు. ఉగాండా ఈశాన్య మూలన, దక్షిణ సూడాన్‌ను ఆనుకుని, కెన్యా సరిహద్దుకు దగ్గరలో ఉన్న కిడెపో వ్యాలీ నేషనల్ పార్కు పేరు విన్నవారు మనలో తక్కువ. మా అల్లుడికి కంపాలాలో ఉద్యోగం రావడంతో మా దంపతులకు దానిని చూసే అవకాశం కలిగింది.

కంపాలా నుండి గులు, కిట్గుమ్ పట్టణాల మీదుగా ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఎంటెబ్బే నుండి చిన్న విమానాలు కూడా ఉన్నాయి గాని, మేము కారులోనే బయలుదేరాము. దారిలో 'రోలెక్స్' అమ్ముతుంటే గడియారం కాబోలు అనుకోవద్దు. చపాతీలో కోడిగుడ్డు అట్టు పెట్టి చుట్టి ఇచ్చే ఫలహారం అది. మన చపాతీ ఆ దేశపు వీధుల్లో అంతగా కలిసిపోయింది.

పార్కు విస్తీర్ణం 1,442 చదరపు కిలోమీటర్లు. 1958లో రక్షిత ప్రాంతమై, 1962లో, అంటే ఉగాండాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, నేషనల్ పార్కు అయింది. ఇందులో రెండు లోయలు. నైరుతిన నారుస్, ఈశాన్యాన కిడెపో. డిసెంబరు నుండి మార్చి దాకా ఎండాకాలంలో నీరు దొరికేది ఎక్కువగా నారుస్ లోయలోనే. అందువల్ల జంతువులన్నీ అక్కడికే చేరతాయి. మేము బస చేసిన అపోకా శిబిరం ఆ లోయ అంచునే ఉంది. ఉదయం తలుపు తీస్తే ఎదురుగా గడ్డి మైదానం, నల్లటి చీమల బారుల్లా అడవి దున్నల మంద, దూరంగా రాతి గుట్ట మీద కాళ్లు చాపుకుని పడుకున్న సింహాలు. తుపాకీ పట్టుకున్న రేంజరు తోడు లేనిదే మైదానంలో అడుగు పెట్టనివ్వరు.

ఇక్కడ 475 రకాల పక్షులను గుర్తించారు. నాకు తెలిసిన పక్షులు ఎన్నో లేవు గాని, ఆ కొద్ది వాటికి బంధువులు కనిపిస్తుంటే మహా సరదా వేసింది. మన రామచిలుకే అక్కడా ఉంది. దసరా నాడు మనవాళ్లు చూసి దండం పెట్టే పాలపిట్టకు దగ్గరి చుట్టం ఒకటి, తోకకు రెండు పొడవాటి ఈకలతో, ముళ్లచెట్టు కొమ్మన కూర్చుని ఉంది. నిప్పుకోళ్లు కిడెపో లోయ వైపు కనిపిస్తాయి. అన్నిటికంటే నన్ను నిలబెట్టింది కోరి బస్టర్డ్. ఎగిరే పక్షులలో అత్యంత బరువైన వాటిలో ఒకటి. అది మన బట్టమేక పిట్టకు వరుసైనది. మన పిట్ట కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గర నాన్నజ్‌లో, కర్ణాటకలో సిరుగుప్ప ప్రాంతంలో కూడా అది ఉండేది. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవిలో రెండు వందలకు లోపే మిగిలాయి. ఇక్కడ దాని చుట్టం నింపాదిగా గడ్డిలో నడిచి పోతోంది.

రెండో రోజు కిడెపో లోయకు వెళ్లాము. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ నదిలో నీరు ఉండదు, వెడల్పాటి ఇసుక బాట మాత్రం ఉంటుంది. దాని గట్టున తాటిచెట్లు! మన తాటికి దగ్గరి జాతే. అయితే మాను నడుమ భాగం కొంచెం ఉబ్బి ఉంటుంది. "కిడెపో అంటే ఏమిటో తెలుసా? కింద పడినవి ఏరుకోవడం" అన్నాడు మా రేంజరు. పూర్వం దూర దూరాల నుండి జనం వచ్చి రాలిన తాటిపండ్లు ఏరుకుని, పులియబెట్టి పానీయం చేసుకునేవారట. మనవాళ్లు గెల గీసి కల్లు తీస్తే, వీళ్లు పండుతో చేశారన్నమాట.

మరి ఆ ఏరుకునేవారు ఏమయ్యారు? ఈ ప్రశ్నకు జవాబు మొరుంగోలే కొండ మీద ఉంది. ఈ లోయలో వేటాడుతూ, తేనె, దుంపలు సేకరిస్తూ తిరిగిన ఇక్ అనే చిన్న జాతిని, రక్షిత ప్రాంతం ఏర్పడ్డాక లోయ నుండి దూరం చేశారు. కొండ వాలుల్లో వ్యవసాయం చేసుకోమన్నారు. 1960లలో అనావృష్టి వచ్చి కరువు పడింది. అప్పుడే అక్కడ ఉన్న కాలిన్ టర్న్‌బుల్ అనే మానవ శాస్త్రవేత్త 1972లో 'ది మౌంటెన్ పీపుల్' అనే పుస్తకం రాసి, వీరిలో ప్రేమాభిమానాలే అడుగంటాయన్నాడు. జాతిని చిన్న చిన్న గుంపులుగా చెదరగొట్టాలని కూడా సూచించాడు. వారి భాషను అధ్యయనం చేసిన బెర్న్‌డ్ హైనె 1985లో ఆ రాతలను ఖండించాడు. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన కూడా, పంచుకునే గుణంలో ఇక్ ప్రజలు ఎవరికీ తీసిపోరని తేల్చింది. ఆకలితో ఉన్న మనిషిని చూసి ఆ జాతి స్వభావమే అంత అనడం ఎంత అన్యాయం! నలుగురిలో కొద్దిమందిగా బతికే మనబోటి వారికి ఈ బాధ తేలికగానే అర్థమవుతుంది.

పార్కు లేకపోతే ఈ మృగాలు మిగిలేవి కావన్నదీ నిజమే. 1979లో ఇదీ అమీన్ పాలన కూలినప్పుడు మొరోటో సైనిక శిబిరంలోని తుపాకులు జనం చేతికి చిక్కాయి. ఆ తరువాత మృగాల వేటకు అడ్డు లేకపోయింది. తగ్గిపోయిన జిరాఫీల సంఖ్య పెంచడానికి 2018లో మర్చిసన్ ఫాల్స్ పార్కు నుండి కొన్నిటిని తెచ్చి ఇక్కడ వదిలారు.

వృత్తి రీత్యా నా ఆలోచన లెక్కల వైపు పోయింది. ఉగాండా చట్టం ప్రకారం పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ప్రజల కోసం ఖర్చు పెట్టాలి. మంచి ఏర్పాటే. అయితే ఏ సంస్థ ఖాతాలోనైనా మొదటి పద్దు పెట్టుబడిది. ఇక్కడ పెట్టుబడి ఆ లోయే. దానిని పెట్టినవారికి ఆ 20 శాతం దయాధర్మంగా కాక, వాటాగా అందాలని నా అభిప్రాయం.

వెళ్లదలచిన పాఠకులకు రెండు మాటలు. బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయాల్లోనూ అడుగుతారు. బైనాక్యులర్సు మరువకండి. మోకాళ్ల నొప్పుల వల్ల మేము మొరుంగోలే ఎక్కలేదు. కాళ్లలో సత్తువ ఉన్నవారు ఒక రోజు అదనంగా పెట్టుకుని, రేంజరు తోడుగా ఆ కొండ ఎక్కి ఇక్ గ్రామాలను కూడా చూసి రండి.