ఎదురుగా ఉన్నది బొమ్మే అయినా

ప్రియమైన పాఠక మిత్రులకు,

 

కిందటి ఉత్తరం చదివాక ఒక పాఠకురాలు రాసిన జవాబు నా మనసులోనే తిరుగుతోంది. ఆవిడ మనవడు విదేశంలో చదువుకుంటున్నాడు. సాయంత్రాలు తలకు హెడ్‌సెట్ తగిలించుకుని వీఆర్‌లో స్నేహితులతో గడుపుతాడట. "వాళ్లను కలిసినట్టా, కలవనట్టా?" అని ఆవిడ అడిగారు. వర్చువల్ రియాలిటీ, అంటే ఈ వీఆర్‌లో మనుషుల నడవడిని పరిశీలించేవాళ్లు పాతికేళ్లుగా దాదాపు ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో కొన్ని ఈసారి మీతో పంచుకుంటాను.

శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జిమ్ బ్లాస్కోవిచ్, జెరెమీ బేలెన్సన్, వాళ్ల సహచరులు 2000 ప్రాంతంలో చేసిన ఒక ప్రయోగంతో మొదలుపెడతాను. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి ఒక గది, అందులో నిలబడిన ఒక మనిషి బొమ్మ కనిపిస్తాయి. బొమ్మ చొక్కా మీద ముందు పేరు, వెనక ఒక అంకె ఉంటాయి. దాని చుట్టూ నడిచి, ఆ రెండూ చదివి గుర్తుపెట్టుకోమని చెప్పారు. పరిశోధకుల కన్ను మాత్రం వచ్చినవాళ్లు బొమ్మకు ఎంత దగ్గరగా వెళ్తారన్న దాని మీద ఉంది. మనిషంత స్తంభం పెట్టినప్పుడు జనం దాని పక్కనుంచే నడిచిపోయారు. మనిషి బొమ్మ దగ్గర మాత్రం ఎడం పాటించారు. వీపు వైపు కొంచెం, ముఖం వైపు ఇంకొంచెం. బొమ్మ కళ్లలోకి చూస్తుంటే స్త్రీలు మరింత ఎడంగా నడిచారు.

ఇందులో ఆశ్చర్యం ఏమిటంటే, ఈ నియమాలు అప్పటికే పాతవి. ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త 1966లోనే, అమెరికన్లు స్నేహితులతో మాట్లాడేటప్పుడు సుమారు 45 సెంటీమీటర్ల నుంచి 120 సెంటీమీటర్ల దాకా దూరం ఉంచుకుంటారని రాశాడు. 1965లో బ్రిటన్‌లో మైకేల్ ఆర్గైల్, జానెట్ డీన్ అనే ఇద్దరు, దూరానికీ చూపుకీ ఒక తూకం ఉందన్నారు. మనుషులు దగ్గరైనకొద్దీ చూపు పక్కకు తప్పుతుంది. కిక్కిరిసిన లిఫ్టులో అందరూ తలుపు పైనున్న అంకెల వంకే ఎందుకు చూస్తారో ఆలోచించండి. ఆ తూకమే, ప్రాణం లేని బొమ్మ ముందు కూడా తప్పలేదు. అది బొమ్మ అని బుద్ధికి తెలుసు. కాళ్లకు తెలియదు. మన మర్యాదలో చాలా భాగం ఒంట్లోనే ఉంటుందని, దానికి నమ్మకంతో పనిలేదని నాకు ఈ ప్రయోగం చూశాకే అర్థమైంది.

లండన్‌లో మెల్ స్లేటర్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం ఇంకా లోతుకు వెళ్లింది. 1960ల్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ యేల్‌లో చేసిన విధేయత ప్రయోగాలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. తప్పు జవాబు చెప్పిన మనిషికి కరెంటు షాక్ ఇమ్మంటే జనం ఎంతదాకా ఇస్తారు అన్నది అందులోని ప్రశ్న. పాల్గొన్నవాళ్లను అంత క్షోభ పెట్టడం తగదని తర్వాత అలాంటి ప్రయోగాలు ఆగిపోయాయి. స్లేటర్ దాన్ని వీఆర్‌లో మళ్లీ చేశాడు. షాకులు తినేది కంప్యూటర్ గీసిన స్త్రీ. ఆ సంగతి వచ్చిన 34 మందికీ తెలుసు. 23 మందికి ఆమె కనిపించింది, వినిపించింది. మిగతా 11 మందికి ఆమె జవాబులు అక్షరాల్లో మాత్రమే అందాయి. అక్షరాలు చూసినవాళ్లందరూ చివరిదాకా షాకులిచ్చారు. ఆమెను చూసినవాళ్లలో కొందరు మధ్యలోనే ఆపేశారు. గుండె వేగం, చర్మం మీద చెమట కొలిచే యంత్రాలు వాళ్ల కలవరాన్ని పట్టిచూపాయి. చివర్లో ఆమె జవాబివ్వడం మానేస్తే, ఒకరు ఆ బొమ్మను పదే పదే పిలిచి చూశారు.

ఇంతకుముందు ఇలాంటి పరిశీలనలకు పెద్ద చిక్కు ఒకటుండేది. ప్రయోగశాలలో నటుడు ఎంత శ్రద్ధగా చేసినా ఒకే చూపును వందమందికి ఒకేలా చూడలేడు. నిజమైన వీధిలోనైతే దేన్నీ అదుపులో ఉంచలేం. వీఆర్‌లో సన్నివేశాన్ని ప్రతి ఒక్కరికీ అణువంత తేడా లేకుండా చూపించవచ్చు. పైగా తల ఎటు తిరిగింది, చేయి ఎంత వణికింది అన్నది హెడ్‌సెట్ సెకనుకు ఎన్నోసార్లు తనంతట తానే నమోదు చేస్తుంది. చాటుగా కూర్చుని నోటు పుస్తకంలో గీతలు పెట్టుకున్న పాత తరం పరిశోధకులకు ఇది ఊహకు కూడా అందని వరం.

ఆ వరంలోనే భయమూ ఉంది. బేలెన్సన్ 2003లో స్టాన్‌ఫర్డ్‌లో ఇలాంటి పరిశీలనల కోసమే ఒక ప్రయోగశాల నెలకొల్పాడు. నిక్ యీ అనే పరిశోధకుడితో కలిసి 2005లో చేసిన పనిలో, ఒక బొమ్మ విద్యార్థులకు గుర్తింపు కార్డుల నియమం గురించి నచ్చజెప్పింది. కొందరి ముందు ఆ బొమ్మ, వాళ్ల తల కదలికనే నాలుగు సెకన్ల తర్వాత అనుకరించింది. చాలామంది దాన్ని గమనించలేదు కానీ, దాని మాటకు ఎక్కువగా ఒప్పుకున్నారు. 2007లో వాళ్లిద్దరే మరొకటి చూపారు. పొడుగు అవతార్, అంటే వీఆర్‌లో తమ రూపంగా కనిపించే బొమ్మ, తొడుక్కున్నవాళ్లు డబ్బు పంపకంలో గట్టిగా బేరమాడారు. పొట్టి అవతార్‌లో ఉన్నవాళ్లు అన్యాయమైన వాటాకు కూడా ఎక్కువగా తలూపారు. వేసుకున్న రూపం మన నడతను లోపలినుంచి మారుస్తుందన్నమాట. ఈ కిటుకులు వ్యాపారి చేతికో, ఎన్నికల ప్రచారకుడి చేతికో వెళ్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కదలికల సంగతి ఇంకా తీవ్రం. బర్క్‌లీ పరిశోధకులు 2023లో బీట్ సేబర్ అనే వీఆర్ ఆట ఆడిన 55 వేలమందికి పైగా ఆటగాళ్ల తల, చేతుల కదలికలను పరిశీలించారు. 100 సెకన్ల కదలిక చూసి, అది ఎవరిదో 94 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగారు. పేరు దాచుకోవచ్చు, ముఖం మార్చుకోవచ్చు, తల తిప్పే తీరు మాత్రం వేలిముద్రలా మనల్ని పట్టిస్తుంది. అందుకే ఈ సమాచారాన్ని ఆస్పత్రి రికార్డులంత భద్రంగా చూడాలని, చట్టం అలా శాసించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒళ్లు నమ్ముతుంది కాబట్టే గాయమూ నిజమవుతుంది. వీఆర్‌లో తమ అవతార్‌ను అసభ్యంగా తాకారని స్త్రీలు చెప్పినప్పుడు, "హెడ్‌సెట్ తీసేస్తే సరిపోయేది కదా" అన్నవాళ్లున్నారు. స్తంభం పక్కనుంచి నడిచి, బొమ్మకు ఎడంగా తిరిగినవాళ్లను తలుచుకుంటే ఆ మాట ఎంత తప్పో తెలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో మెటా సంస్థ తన హొరైజన్ వరల్డ్స్ అనే వీఆర్ వేదికలో అవతార్‌ల మధ్య దాదాపు నాలుగు అడుగుల ఎడం ఉండేలా హద్దు పెట్టింది. హాల్ చెప్పిన 120 సెంటీమీటర్లూ ఇంచుమించు అంతే. కాబట్టి అమ్మా, మీ మనవడు అక్కడ కలిసినవాళ్లను కలిసినట్టే. బయటికెళ్లి ఇంటికొచ్చిన పిల్లాణ్ణి అడిగినట్టే ఎవరు కలిశారు, ఏం మాట్లాడుకున్నారు అని అడగండి. ఎవరైనా నొప్పించారని చెబితే, ఉత్తుత్తిదే కదా అని కొట్టిపారేయకండి.

ఆ లోకంలో వికసించిన మంచి కూడా తక్కువేం కాదు. వీఆర్‌చాట్ అనే వేదికలో వినికిడి లేనివాళ్లు సైగల భాషలో మాట్లాడుకుంటారు, వినగలిగినవాళ్లకు పాఠాలు కూడా చెబుతారు. చేతిలోని కంట్రోలర్లలో చాలావాటికి అన్ని వేళ్ల కదలికలనూ పట్టుకోవడం చేతకాదు. అందుకని కుదరని సైగలను కుదిరేలా వాళ్లే మార్చుకున్నారు. జో హంటింగ్ అనే దర్శకుడు పూర్తిగా వీఆర్‌చాట్‌లోనే తీసి, 2022లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూపిన డాక్యుమెంటరీలో ఈ పాఠాలు కనిపిస్తాయి. యంత్రం ఇరుకుగా ఉంటే, మనిషి ఆ ఇరుకులోనే భాషకు చోటు చేసుకున్నాడు.

ఒక వెలితి మాత్రం నన్ను బాధిస్తుంది. నేను చెప్పిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో, అక్కడి విద్యార్థులతో జరిగినవే. మనం ఎంత దూరంలో నిలబడతాం? తల పక్కలకు ఆడించి "సరే" అనే మన అలవాటును అవతలివాడు "కాదు" అనుకుంటాడా? హెడ్‌సెట్ తల కదలికను నికరంగా పడుతుంది కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు. అన్నిటికంటే నాకు ఆసక్తి కలిగించేది పిలుపు. మనం ఎదుటి మనిషి నెరిసిన జుట్టో, కట్టూబొట్టో చూసి నువ్వా మీరా, అన్నా తమ్ముడా, అక్కా అండీనా అని క్షణంలో తేల్చుకుంటాం. అరవయ్యేళ్లాయన కుందేలు అవతార్‌లో వస్తే ఆ ఆనవాళ్లన్నీ పోయి గొంతొక్కటే మిగులుతుంది. అప్పుడు తెలుగువాళ్లు ఏం చేస్తారు? మన విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివే పిల్లలు ఈ పని చేపట్టాలని నా కోరిక. రెండు మూడు హెడ్‌సెట్లు, ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు.

అందాకా మీరే నాకు సాయం చేయాలి. వీఆర్‌లో ముక్కూముఖం తెలియని తెలుగు మనిషి మీకెప్పుడైనా తారసపడ్డారా? మొట్టమొదట ఏమని పిలిచారు, వయసు తెలిశాక ఆ పిలుపు మార్చుకున్నారా? వివరంగా రాయండి. వచ్చే ఉత్తరంలో ఆ కబుర్లే చెప్పుకుందాం.

ఉంటాను.

మీ
ఆత్మీయ మిత్రుడు