తూటాల లెక్క

మన్యం బడుల్లో ఫితూరి పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు మమ్మల్ని అడిగేది ఒకటే: "మనవాళ్లకు తుపాకులు ఎక్కడివి సార్?" తూటాలు ఎక్కడివని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మేమే వేస్తాం.

వేటకు వాడే నాటు తుపాకీకి మందు కూరి, సీసం గుండు వేస్తే చాలు. గుండు ఇంటి దగ్గరే పోసుకోవచ్చు. పోలీసు తుపాకీ అలా కాదు. దాని కొలతకు సరిపోయే తూటాయే కావాలి. అది అడవిలో దొరకదు, సంతలో అమ్మరు. తూటా లేకపోతే ఆ తుపాకీ ఒట్టి ఇనుప గొట్టం.

అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినప్పుడు మనవాళ్లు తుపాకులతో పాటు తూటాలూ పట్టుకొచ్చారు. మొత్తం 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు. ఏమేం తీసుకున్నదీ సీతారామరాజు స్టేషన్లో రాసిపెట్టి మరీ వచ్చాడు.

సర్కారుకూ ఆ లెక్క తెలిసింది. అక్టోబరులో అడ్డతీగల చేరేసరికి ఆయుధాలను, తూటాలను ముందే దాచేశారు.

సర్కారుకు కొత్త తూటాలు వస్తూనే ఉంటాయి. మనవాళ్లు పేల్చిన ప్రతి తూటా ఒకటి తగ్గినట్టే. అయినా 1924 దాకా నిలబడ్డారు. పిల్లలూ, ఆ రెండేళ్లను ఈ లెక్కతో చదవండి. వాళ్ల ధైర్యం ఎంతటిదో అప్పుడు తెలుస్తుంది.