పళ్లెంలో పల్లె, కనిపించని వంటామె

థీమ్ రెస్టారెంట్ల మీద రాయమని సంపాదకులు అడిగితే హైదరాబాద్‌లో భోంచేసి రాయడం ఒక దారి. అవి దేన్ని అనుకరిస్తున్నాయో అక్కడికే వెళ్లి చూడటం ఇంకో దారి. కామారెడ్డి జిల్లా గాంధారికి నేను వచ్చింది ఈ రెండో దారినే. నగరంలో పల్లె అలంకరణతో నడిచే భోజనశాలల్లో గోడకు చేట, మూలన బండిచక్రం, బల్ల మీద లాంతరు కనిపిస్తాయి. ఒక్కో వంటకాన్నీ ఒక్కో కథ చెప్పి కొంచెం కొంచెంగా వడ్డిస్తారు. ఆ వరుసలో జొన్నరొట్టెకూ చోటుంటుంది. గాంధారిలో అదే రొట్టె సాయంత్రంపూట రోడ్డు పక్కన పొయ్యి మీద కాలుతుంది. కొనేవాళ్లు ఎదురుగా నిలబడి, తమ కళ్ల ముందు కాలిన రొట్టెను కట్టించుకుపోతారు. నా చూపంతా రొట్టె చేసే చేతుల మీదే నిలిచింది. భోజనానికి నాటకీయత అద్దడంలో తప్పు లేదు. వండిన మనిషిని మరుగున పడేసే నాటకీయతే తప్పు. ఈ మాట ఎందుకంటున్నానో ఆ చేతుల పని చూస్తే తెలుస్తుంది.

గోధుమపిండికి ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. కనుక ముద్దంతా ఒకేసారి కలిపిపెట్టుకుని కర్రతో ఒత్తుకుంటూ పోవడం కుదరదు. మరిగిన నీళ్లు పోసి, రొట్టెకు సరిపడా పిండిని అప్పటికప్పుడు అరచేత్తో గట్టిగా మెదపాలి. పీట మీద పొడిపిండి చల్లి ఒక చేత్తో చరుస్తుంటే రెండో చెయ్యి అంచు పగలకుండా కాపు కాస్తూ తిప్పుతుండాలి. పెంక మీద వేశాక పైముఖాన తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పేయాలి, ఆపైన నిప్పుల మీద పొంగించాలి. పిండి ఎంత తాజాదో, నీళ్లు ఎంత కాగాయో, మంట ఎంత ఉందో వేళ్లకే తెలియాలి. కాగితం మీది కొలతలతో వచ్చే విద్య కాదిది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారన్నదే ఇక్కడ వినిపించే బాధ.

విందును ప్రదర్శనగా మలచడం మనకు కొత్త కాదు. 1884లో హైదరాబాద్ సంస్థాన ప్రముఖుడు వికార్ ఉల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ఉంది. 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకున్నాక అతిథులను గుర్రపుబగ్గీలో తీసుకెళ్లి, గులాబీరేకులు చల్లి ఆహ్వానించడం అక్కడి ఆనవాయితీ అయింది. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్‌కూ ప్రపంచ పారిశ్రామికవేత్తలకూ ప్రధాని విందు ఇచ్చింది అక్కడే. షాంఘైలో 2012లో మొదలైన అల్ట్రావయొలెట్ రెస్టారెంట్ పూటకు పది మందికే వడ్డిస్తూ, వంటకం మారినప్పుడల్లా గోడల మీది దృశ్యాన్నీ శబ్దాన్నీ మార్చేది. ఈ హంగుల వెనక ఎవరి శ్రమ ఉంటుందో కోపెన్‌హాగన్‌లోని నోమా చెబుతుంది. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న ఆ వంటశాల తన ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది 2022 అక్టోబర్‌లో. మరుసటి జనవరిలోనే దాని అధిపతి రెనె రెడ్జెపి, ఈ తరహా రెస్టారెంట్ ఇక నిలవదని ప్రకటించారు.

నగరంలో పుట్టిన పిల్లలకు జొన్నరొట్టె రుచి తెలిసేది ఈ హోటళ్ల వల్లనే కదా అంటారు. నిజమే, అది చిన్న మేలు కాదు. కానీ రుచి పరిచయమైతే చాలదు, ఆ రుచి నిలవాలంటే పంటా పనితనమూ నిలవాలి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. దాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ అండ జొన్నకు దొరకలేదు. మెట్ట చేలల్లోకి మక్క, పత్తి వచ్చాయి. రొట్టె తిన్న ఇళ్లలో అన్నం ముఖ్యమైంది. గాంధారి చుట్టూ తండాలున్నాయి. రొట్టె లంబాడాల రోజువారీ తిండి. ఒకప్పుడు వాళ్ల తండాలున్న బంజారాహిల్స్‌లో ఇవాళ ఖరీదైన భోజనశాలలున్నాయి. వాటికి ఈ తండాలు అలంకరణగా కాక ధాన్యం అమ్మేవాళ్లుగా, వంటవాళ్లుగా తెలియాలి.

ఇంకో అభ్యంతరం బరువైనది. పొగలో, వేడిలో చేసే ఈ పనిని పొగడటమంటే ఆడవాళ్లను పొయ్యి దగ్గరే కట్టిపడేయడం కాదా? పని వాళ్ల మెడకు కడితే కచ్చితంగా అవుతుంది. నేను అడుగుతున్నది వేరు. నేర్పుకు తగిన కూలి, పొగ లేని పొయ్యి, పేరు చెప్పుకునే గౌరవం ఉంటే, చేయాలో మానాలో ఆమే నిర్ణయించుకుంటుంది. ఇప్పుడు ఆ స్వేచ్ఛ ఆమెకు లేదు. చవగ్గా చేయాలి, లేదా మానేయాలి. దీన్ని మార్చవచ్చని జహీరాబాద్ ప్రాంతం చూపించింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతి నుంచి నెలపాటు పాత పంటల జాతర జరిపాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగాయి. దానిలోనూ రంగులున్నాయి, పాటలున్నాయి. అయితే అక్కడ ప్రదర్శన ఇచ్చింది విత్తనం దాచిన రైతులే, గౌరవం దక్కిందీ వాళ్లకే.

కాబట్టి పల్లె పేరుతో వ్యాపారం చేసే ప్రతి భోజనశాలా జొన్న ఏ ఊరిదో, రొట్టె ఎవరు చేశారో మెనూలో రాయాలి. ఆ ఊరి రైతుతో ముందే ధర మాట్లాడుకుని కొనాలి. రొట్టె చేసే మనిషికి చెఫ్ హోదా, చెఫ్ జీతం ఇవ్వాలి. హైదరాబాద్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలు గాంధారి లాంటి చోట్ల నుంచి ఈ వంటామెలను పిలిపించి అధ్యాపకులుగా కూర్చోబెట్టాలి. ఫ్రెంచి బ్రెడ్డు నేర్పడానికి గురువులను వెతికే సంస్థలకు జొన్నరొట్టె నేర్పే గురువులు బస్సు దూరంలోనే ఉన్నారు. ఈ ఖర్చు పెట్టలేమనే హోటల్ గోడ మీది చేటకు, మూలనున్న బండిచక్రానికి పెట్టిన ఖర్చు ఎంతో లెక్క చూసుకోవాలి.