సెమూర్ మాడిన రోజు

పిల్లలూ, అమ్మ పొయ్యిమీద ఏదన్నా ఉడికిస్తూంటే, "ఇంకా ఎంతసేపు?" అని పదిసార్లు అడిగేవాళ్ళు మీలో ఉన్నారా? నేనూ అలాంటివాణ్ణే. పెద్దవాణ్ణి అయినా ఆ గుణం పోలేదు. అది ఎలా వదిలిందో చెబుతాను, వినండి.

కొన్నేళ్ళ క్రితం నేను ఉద్యోగం మీద వెళ్ళి జావా ద్వీపంలోని జకార్తా నగరంలో ఉన్నాను. పక్కింట్లో ఒక ముసలావిడ, ఇద్దరు మనుమలతో ఉండేది. ఇండొనీషియాలో అమ్మమ్మనూ, నాయనమ్మనూ కూడా "నేనెక్" అంటారు. నేనూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను "నక్" అనేది. అంటే "నాయనా" అన్నమాట.

వాళ్ళు బెతావీలు, తరతరాలుగా జకార్తాలో ఉంటున్నవాళ్ళు. బెతావీలలో ఒక చక్కని ఆచారం ఉన్నది. ఇరుగుపొరుగు కుటుంబాలు కొద్దికొద్దిగా డబ్బు కూడబెట్టి, రంజాను పండుగకు ముందు అందరూ కలిసి ఒక దున్నపోతును కొని, మాంసం పంచుకుంటారు. దీన్ని "అందిలన్" అంటారు. ఆ మాంసంతో సెమూర్ అనే తియ్యని కూర వండుతారు. మామూలు రోజుల్లో గొడ్డుమాంసంతో చేస్తారు. కోడిగుడ్లతోనూ చెయ్యవచ్చు.

ఆ ఏడు పండుగకు ముందురోజున నేనెక్ చెయ్యి బెణికింది. "మీరు చెప్పండి, నేను వండుతాను," అన్నాను ధైర్యంగా.

ఆవిడ చెప్పినట్టే చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరియాలు, జాజికాయ కలిపి నూరాను. ఆ ముద్దను నూనెలో వేయించి, మాంసం ముక్కలు వేశాను. ముక్కల రంగు మారగానే లవంగాలు, దాల్చినచెక్క వేసి, "కెచప్ మానిస్" పోశాను. అదేమిటంటారా? సోయా గింజలను ఉడికించి, బూజు పట్టించి, ఉప్పునీటిలో చాలాకాలం ఊరనిస్తారు. ఆ రసాన్ని వడగట్టి, తాటిబెల్లం వంటి బెల్లంతో కాస్తారు. అది నల్లగా, చిక్కగా, పాకంలాగా ఉంటుంది.

ముక్కలు మునిగేటట్టు నీళ్ళు పోసి, మూత పెట్టాను.

"సన్నని సెగమీద రెండు గంటలు ఉండనీ, నక్," అని చెప్పి ఆవిడ నడుం వాల్చింది.

గంట గడిచింది. ఒక ముక్క కొరికి చూస్తే తోలులాగా సాగింది. పిల్లలిద్దరూ అప్పటికే నాలుగుసార్లు వచ్చి తొంగిచూశారు. "పెద్దమంట పెడితే సగం సేపట్లో ఉడుకుతుంది!" అనుకుని, మంట పెంచి, వాళ్ళతో గాలిపటం అతికించటానికి కూర్చున్నాను.

కొంచెంసేపటికి మాడువాసన వచ్చింది!

నాకు ప్రాణం చివుక్కుమన్నది. అది ఏడాది పొడుగునా ఆవిడ కూడబెట్టిన డబ్బు! నేనెక్ లేచి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా పొయ్యి ఆర్పింది. "అడుగు గీకకు. పైముక్కలు మాత్రం తియ్యి," అన్నది. వాటిని వేరే గిన్నెలో వేసి, వేడినీళ్ళూ, కాస్త కెచప్ పోసి, మళ్ళీ సన్నని సెగమీద పెట్టించింది. అడుగు ముక్కలు మాత్రం దక్కలేదు.

నేను చేసిన తప్పేమిటో తెలుసునా? నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత వదులుగా ఉండే మామూలు గిన్నెలో మంట ఎంత పెంచినా వాటి వేడి అంతకు మించదు. నీరు త్వరగా ఆవిరి అవుతుంది, అంతే. నీరు ఇగిరిపోగానే బెల్లం అడుగంటి మాడుతుంది. గట్టి మాంసంలో కొల్లాజెన్ అనే పదార్థం ఉంటుంది. అది తడిలో, వేడిలో చాలాసేపు ఉంటే కరిగి, జెలటిన్‌గా మారుతుంది. అప్పుడే ముక్క మెత్తబడి, పులుసు చిక్కబడుతుంది. దానికి కావలసింది పెద్దమంట కాదు, వ్యవధి.

మర్నాడు పండుగ. కొబ్బరాకుల బుట్టల్లో ఉడికించిన అన్నంతో సెమూర్ తిన్నాము. ముక్కలు మెత్తగా ఉన్నాయి గాని, మాడువాసన పూర్తిగా పోలేదు. చిన్నవాడు ముక్కు ఎగబీలిస్తే, పెద్దవాడు మోచేత్తో పొడిచాడు. నేను తల వంచుకున్నాను.

నేనెక్ నవ్వి, "ఇవాళ పదిళ్ళలో సెమూర్ తింటాం. మా నక్ వండినది ఏదో గుర్తుండాలిగా!" అన్నది.

ఆ తరవాత నాకు మరొక సంగతి తెలిసింది. 1619లో డచ్చివారు ఆ నగరాన్ని పట్టుకుని, బటావియా అనే పేరుతో చాలాకాలం పాలించారు. వాళ్ళ భాషలో "స్మోరెన్" అంటే మూతపెట్టి నెమ్మదిగా ఉడికించటం. "సెమూర్" అనే మాట దాన్నుంచే వచ్చింది. ఎలా వండాలో ఆ కూర పేరే చెబుతున్నది. నేనే వినిపించుకోలేదు!

ఇప్పుడు మా ఇంట్లో సెమూర్ వండినప్పుడల్లా నేను పొయ్యి దగ్గరే కూర్చుంటాను. మా పిల్లలు వచ్చి, "ఇంకా ఎంతసేపు?" అంటే, వాళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథే చెబుతాను. కథ పూర్తయినా కూర ఉడకదు. అందుకని రెండోసారి కూడా చెబుతాను.